ప్లాస్టిక్ కవర్ లేకుండ ఇల్లు, దుకాణం, ఫంక్షన్ ఎట్ల నడపాలె: రూల్స్ ఏమంటున్నయి, మనం ఏం చెయ్యొచ్చు

ప్లాస్టిక్ బ్యాన్ అయిందని 2022 నుంచి వింటనే ఉన్నం, అయినా కూరగాయల బండి కాడికి పోతే పావుకిలో పచ్చిమిర్చికి ఒక కవర్, కొత్తిమీర కట్టకు ఒక కవర్, రెండూ కలిపి ఇంకో కవర్ల పెట్టి చేతికిస్తనే ఉన్నరు. దాంతోని మనోళ్లల్ల సగం మంది బ్యాన్ ఉత్తదే అనుకుంటున్నరు, ఇంకో సగం మంది అసలు అన్నీ బంద్ అయినయేమో అని పరేషాన్ అయితున్నరు. రెండూ కాదు. రూల్ల ఏముందో ముందుగాల సక్కగ తెల్సుకుంటే, మనం ఎక్కడ మార్చుకోవాలె, దుకాణపాయనను ఏమడగాలె అనేది తేలిపోతది. వరంగల్, హన్మకొండ, కాజీపేటల రోజూ ఇల్లు నడుపుకునేటోళ్ల కోసం, చిన్న దుకాణాలు, కర్రీ పాయింట్లు పెట్టుకున్నోళ్ల కోసం, ఇంట్ల పెండ్లి పెట్టుకున్నోళ్ల కోసం రాస్తున్న.

ముందుగాల ఏవి బంద్, ఏవి కాదు

కేంద్రం 2021 ఆగస్టు 12న ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలను సవరించింది. దాని ప్రకారం 2022 జులై 1 నుంచి కొన్ని వస్తువులు తయారు చేసుడు, నిల్వ పెట్టుడు, అమ్ముడు, వాడుడు అన్నీ బంద్. ఆ లిస్టుల ఉన్నయి ఇవి: ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, కప్పులు, చెంచాలు, ఫోర్కులు, కత్తులు, స్ట్రాలు, ట్రేలు, కలుపుకునే పుల్లలు, ప్లాస్టిక్ పుల్లలున్న చెవుల బడ్స్, బెలూన్ పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, క్యాండీ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, డెకరేషన్ థర్మకోల్, స్వీట్ డబ్బాల మీద, పెండ్లి కార్డుల మీద, సిగరెట్ పెట్టెల మీద చుట్టే సన్న ఫిల్మ్, ఇంకా 100 మైక్రాన్ల కంటే పల్చగ ఉండే ప్లాస్టిక్ లేదా పీవీసీ బ్యానర్లు. పెండ్లి కార్డుల ఫిల్మ్ సంగతి మస్తు మందికి తెల్వదు, ప్రింటింగ్ ప్రెస్సు ఆయన వద్దన్నా చుట్టి ఇస్తడు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే వద్దని కాయితం మీద రాయించుకోండి.

క్యారీ బ్యాగ్ సంగతి వేరు. అది పూర్తిగ బంద్ కాలే, మందం పెంచిన్రు. 2021 సెప్టెంబర్ 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లు, అంతకంటే పల్చగ ఉంటే అమ్మొద్దు, ఇయ్యొద్దు. పల్చటి కవర్ గాలికి కొట్టుకపోయి మోరీల పడతది, ఏరుకునేటోళ్లు కూడ దాన్ని ఏరరు, కిలో కావాలంటే ఎన్ని వందల కవర్లు ఏరాలె మరి. అదే మందం కవర్ అయితే ధర ఎక్కువ, దుకాణపాయన ఊరికె పంచడు, తీసుకున్నోళ్లు కూడ మల్ల మల్ల వాడుకుంటరు, అదీ దీని వెనకున్న లెక్క.

ఇగ పాల ప్యాకెట్, చిప్స్ ప్యాకెట్, నూనె ప్యాకెట్, నీళ్ల బాటిల్, ఇవి సీల్ చేసి వచ్చేటివి కాబట్టి బ్యాన్ లిస్టుల లేవు. వాటి బాధ్యత కంపెనీల మీద పెట్టిన్రు, ఆ ముచ్చట కిందికి చెప్త.

120 మైక్రాన్లు చేతితో ఎట్ల తెలుస్తది

మైక్రాన్ అంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు, మన దగ్గర కొలిచే మిషన్ ఉండదు. అందుకని ఇట్ల చెయ్యండి. మామూలు జిరాక్స్ పేపర్ ఒక షీట్ దాదాపు 100 మైక్రాన్లు ఉంటది. కవర్ నోరు తెరిచి ఒక్క పొరను మాత్రమే బొటన వేలు, చూపుడు వేలు మధ్య పట్టండి, ఇంకో చేతిల పేపర్ పట్టండి. కవర్ పొర పేపర్ కంటే మందం అనిపించాలె. రెండు పొరలు కలిపి పట్టి చూసి 120 ఉంది కదా అనేటోళ్లు ఉన్నరు, లెక్క ఒక్క పొరకే. బండ్ల మీద ఇచ్చే కవర్లు ఈ పరీక్షల నిలబడయి, అవి పేపర్ల సగం మందం కూడ ఉండయి, నలిపితే గరగర అంటయి, వెలుతురుకు పెడితే అవతల ఏముందో కనబడతది.

ఇంకోటి, రూల్ ప్రకారం చేసిన క్యారీ బ్యాగ్ మీద తయారు చేసినోళ్ల పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, మందం ఎంతో ముద్రించి గానీ, క్యూఆర్ కోడ్ల గానీ ఉండాలె. ఏం ప్రింట్ లేని ఉత్త కవర్ అంటే అనుమానించాల్సిందే.

బట్ట సంచి లెక్క కనబడే నాన్ ఓవెన్ సంచులు ఉన్నయి చూడండి, బట్టల షాపులల్ల రంగు రంగులయి ఇస్తరు, అది బట్ట కాదు, అదీ ప్లాస్టికే. దగ్గరికి పెట్టి చూస్తే నేత కనబడదు, సన్న చుక్కలు ఒత్తినట్టు ఉంటయి, అంచు పట్టి గుంజితే దూది లెక్క పోగులు లేస్తయి. అవి కూడ 60 జీఎస్ఎం (చదరపు మీటర్‌కు ఎన్ని గ్రాముల బరువు అనే లెక్క) కంటే తక్కువ ఉండొద్దని 2021 నుంచి రూల్ ఉంది. పల్చటియి నాలుగు సార్లు వాడంగనే చినిగిపోయి సన్న పోగులై రాలుతయి, అసలు నూలు సంచి కొనుక్కునుడే మేలు.

"ఇది బయోడీగ్రేడబుల్ అన్నా, మట్టిల కలిసిపోతది" అని అమ్మేటోళ్లు ఎక్కువైన్రు. కంపోస్ట్ అయ్యే సంచులకు మందం రూల్ లేదు నిజమే, కానీ వాటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలె, సంచి మీద ఆ వివరాలు ఉండాలె, ఐఎస్ 17088 ప్రమాణానికి సరిపోవాలె. సర్టిఫికెట్ ఉన్నయి కూడ పెద్ద కంపోస్ట్ ప్లాంటుల వేడికి కుళ్లి కలిసిపోతయి గానీ మన పెరట్ల గుంతల నెలల తరబడి అట్లనే ఉంటయి. ఉత్తగ ఆకుపచ్చ రంగేసి ఆకు బొమ్మ కొడితే నమ్మకండి.

ఇంట్ల మొదలు పెట్టుడు

ఒక్కసారే అన్నీ మార్చాలె అనుకుంటే వారం రోజులల్ల వదిలేస్తరు. మీ ఇంటికి వచ్చే కవర్లల్ల ఎక్కువ ఏడికెళ్లి వస్తున్నయో నాలుగు రోజులు అన్నీ ఒక బుట్టల వేసి చూడండి, చాలా ఇండ్లల్ల మూడే మూడు జాగలు తేలుతయి: కూరగాయలు, మాంసం, కర్రీ పాయింట్. ఈ మూడు పట్టుకుంటే సగం పని అయినట్టే.

కూరగాయలకు పెద్ద సంచి ఒక్కటి తెచ్చుకుంటే సరిపోదు, టమాటలు, పచ్చిమిర్చి, ఆకుకూర అన్నీ కలిసి నలిగిపోతయి, అందుకే మనం కవర్ అడుగుతం. పాత చీర, పాత లుంగీ చింపి టైలర్ దగ్గర చిన్న చిన్న సంచులు నాడలు పెట్టి కుట్టించుకోండి, ఐదారు అయితే చాలు. బైక్ డిక్కీల రెండు, ఆఫీస్ బ్యాగుల ఒకటి ఎప్పటికి ఉండాలె, ఎందుకంటే కవర్ అవసరం పడేది ప్లాన్ లేకుండ మధ్యల ఆగినప్పుడే.

మాంసం దుకాణంల నల్ల కవర్ ఇస్తరు, అది ఏ ప్లాస్టిక్ కరగబెట్టి చేశిన్రో మనకు తెల్వదు, తినేటిది దాంట్ల పెట్టుడు అసలే మంచిది కాదు. మూత గట్టిగ పట్టే స్టీల్ డబ్బా తీసుకపోండి. డబ్బా బరువు కూడ కలుస్తదేమో అని చాలామంది ఆగిపోతరు, దానికి కాంటా మీదనే టేర్ అని ఒక బటన్ ఉంటది, ఖాళీ డబ్బా కాంటా మీద పెట్టి అది నొక్కితే సున్నా చూపిస్తది, అప్పుడు మాంసం వేస్తే మాంసం బరువే వస్తది. దుకాణపాయనకు తొందరల గుర్తుండదు, మనమే "అన్నా, జర జీరో చెయ్యి" అని చెప్పి నంబర్ చూసుకోవాలె. ఇదే పద్ధతి స్వీట్ హౌస్ల, కిరాణంల కూడ నడుస్తది.

కర్రీ పాయింట్ సంగతి నాకు మస్తు బాధ అనిపిస్తది. పొగలు కక్కే పప్పుచారు పల్చటి కవర్ల పోసి, దారం గట్టిగ చుట్టి ఇస్తరు, ఇంటికి పోయి మూతి కోసి గిన్నెల వంపుకుంటం, చంటిపిల్లలకు కూడ అదే పెడతం. ఛాయ్ పార్సల్ కూడ గంతే, కవర్ల పోసిన వేడి ఛాయ్ ఆఫీసులకు పోతది. ఒక ఫ్లాస్కు, మూడు గిన్నెల క్యారియర్ ఉంటే ఈ రెండు ఆగిపోతయి. కాయితం కప్పు అయితే ఏం కాదులే అనుకుంటరు గానీ దాని లోపల కూడ సన్న ప్లాస్టిక్ పూత ఉంటది, లేకుంటే ఛాయ్ కారిపోవాలె కదా. గాజు గ్లాసుల ఇచ్చే హోటల్ వెతుక్కోండి, కడిగే నీళ్లు బాగలేవనిపిస్తే వేడి నీళ్లతోని కడిగియ్యమని అడగండి, అడిగితే చేస్తరు.

నూనెకు గానుగ దగ్గరికి సొంత స్టీల్ క్యాన్ తీసుకపోవచ్చు. పాల ప్యాకెట్ కోసేటప్పుడు మూల ముక్క పూర్తిగ తెంపకుండ ప్యాకెట్‌కే అంటుకోని ఉండేటట్టు కోయండి, ఆ చిన్న ముక్కలు ఏరుడు ఎవ్వరి తరం కాదు. ఖాళీ ప్యాకెట్ కడిగి ఆరబెట్టి పొడి చెత్తల వేస్తే చెత్త బండోళ్లకు పనికొస్తది, తడి చెత్తల కలిస్తే దేనికీ రాదు. వాకిట్ల ఊడ్చి కాలబెట్టుడు మాత్రం ఎట్టి పరిస్థితిల వద్దు, ఆ పొగ మన ముసలోళ్లు, పిల్లలే పీలుస్తరు.

దుకాణపోళ్లు చేసేటిది

చిన్న వ్యాపారి మీద నాకు కోపం లేదు, గిరాకీ సంచి తేకపోతే పక్క దుకాణానికి పోతడని భయం. దీనికి ఒక్కటే ఉపాయం, బజారుల నలుగురైదుగురు దుకాణపోళ్లు మాట్లాడుకోని ఒక్క తారీఖు పెట్టుకోని అందరూ కలిసి బంద్ చెయ్యాలె, ఒక్కడే చేస్తే నష్టపోతడు. కవర్ పిడి లేకుంటే క్యారీ బ్యాగ్ కాదు కదా అని వాదించేటోళ్లకు ఇంకో రూల్ ఉంది, వస్తువులు చుట్టడానికి, ప్యాక్ చెయ్యడానికి వాడే ప్లాస్టిక్ షీటు, కవర్ మామూలుగ 50 మైక్రాన్లకు తక్కువ ఉండొద్దు. గుట్కా, పాన్ మసాలా, పొగాకు అయితే ప్లాస్టిక్ సాచెట్లల్ల ప్యాక్ చేసుడే నిషేధం.

కర్రీ పాయింట్ ఉన్నోళ్లు డిపాజిట్ డబ్బాలు పెట్టొచ్చు, మనకిది కొత్త కాదు, కూల్‌డ్రింక్ గాజు సీసాలకు పైసలు పట్టుకోని సీసా తెస్తే వాపస్ ఇచ్చే రోజులు చాలామందికి యాదికుంటయి. ఒక సైజు స్టీల్ డబ్బాలు ఒక్క తీరుగ కొనండి, మూతలు ఒకదానికొకటి పట్టాలె, అది ముఖ్యం. పెండ్లిల గిన్నెల మీద పేరు చెక్కిస్తం కదా, అట్లనే డబ్బా మీద, మూత మీద దుకాణం పేరు, నంబర్ చెక్కియ్యాలె. డబ్బా ధర 120 రూపాయలు అనుకుంటే డిపాజిట్ కూడ 120 పెట్టండి, 20 రూపాయలు పెడితే డబ్బాలు తిరిగి రావు. రోజుకు 40 మంది కూర తీస్కపోయే పాయింట్ అయితే మొదట 15 మంది రోజువారీ గిరాకీతోనే మొదలు పెట్టండి, వాళ్లకు డబ్బాలు రెండు వంతులు కావాలె, ఒకటి గిరాకీ ఇంట్ల ఉంటే ఇంకోటి మన దగ్గర కడిగి తయారుగ ఉండాలె. తెచ్చిన డబ్బాను వాళ్లు కడిగినా సరే మనం మల్ల వేడి నీళ్లు, సబ్బుతోని కడిగి బోర్లించి ఆరబెట్టాలె, తడి డబ్బాల కూర పోస్తే పాడయితది, ఒక్కసారి వాసన వచ్చిందంటే ఆ గిరాకీ మల్ల రాడు. సొంత క్యారియర్ తెచ్చినోళ్లకు రెండు రూపాయలు తగ్గియ్యండి, కవర్, దారం ఖర్చు ఎట్లైనా మిగిలింది కదా.

పెండ్లి, ఫంక్షన్, పండుగ

అసలు ఎక్కువ చెత్త ఇక్కడే. వంద మంది దాటిన కార్యక్రమం లైసెన్స్ లేని జాగల పెట్టుకుంటే మూడు పనిదినాల ముందుగాల మున్సిపాలిటీకి చెప్పాలె, చెత్త అక్కడే వేరు చేసి ఇయ్యాలె అని 2016 ఘన వ్యర్థాల నియమాలల్లనే రాసిన్రు. చెప్పేటోళ్లు తక్కువ. వార్డు ఆఫీసుల చెప్పి పెడితే బండి టైముకు వస్తది, మనకే మంచిది.

స్టీల్ ప్లేట్లు ఎన్ని కావాలె అని భయపడి థర్మకోల్, ప్లాస్టిక్ ప్లేట్లకు పోతరు. లెక్క సులువు. 300 మంది భోజనానికి 300 ప్లేట్లు అక్కర లేదు. బంతికి వంద మంది కూసుంటే మూడు బంతులు, 150 ప్లేట్లు, గ్లాసులు 150 ఉంటే ఒక బంతి లేచి కడిగేటప్పటికి ఇంకో బంతికి సరిపోతయి. బఫే అయితే ఇంకో యాభై కలుపుకోండి, గ్లాస్ ఒక్కసారి తాగి ఏడనో పెడతరు, మల్ల ఇంకోటి తీస్తరు. టెంట్ హౌస్ల కిరాయికి దొరుకుతయి, కానీ కడిగే మనుషులను వేరేగ మాట్లాడుకోండి, వంటోళ్ల మీద పెడితే వాళ్లు మధ్యల చేతులెత్తేస్తరు, వంట కూడ చెడుతది. కడిగే కాడ ముందు ఎంగిలి గీకేసే డ్రమ్ము, తర్వాత ఉత్త నీళ్ల టబ్బు, సబ్బు నీళ్ల టబ్బు, మంచి నీళ్ల టబ్బు, చివరికి వేడి నీళ్లు, ఈ వరుసల పెట్టి, ఆరబెట్టడానికి గంపలు బోర్లించండి. ఎంగిలి డ్రమ్ముల ప్లాస్టిక్ లేకుంటే అది పశువులకు, కంపోస్టుకు నేరుగ పోతది.

సిద్దిపేట జిల్లాల ఊర్లల్ల స్టీల్ బ్యాంకులు పెట్టిన్రు, ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు కొని పెట్టి ఊర్ల ఎవ్వరింట్ల కార్యమైనా తీస్కపోయి వాడుకోని తిరిగిస్తరు. మన దగ్గర కాలనీ సంఘం గానీ మహిళా సంఘం గానీ చెయ్యొచ్చు, సంఘాల పొదుపు పైసలుంటయి, కిరాయి మీద రెండు మూడు సీజన్లల్ల పెట్టుబడి వస్తది. ఒక రిజిస్టర్, పోయిన గ్లాసుకు ఎంత కట్టాలె అనే రేటు ముందే రాసిపెట్టుకోవాలె, లేకుంటే చుట్టాల మధ్యల మాటలొస్తయి.

ఆకుల మీదనే పెడదాం అంటే మోదుగాకు, అడ్డాకు ఇస్తారాకులు మన దిక్కు దొరుకుతయి, ములుగు అడవుల దిక్కు గిరిజన ఆడోళ్లు కుడుతరు, వాళ్లకు నాలుగు పైసలొస్తయి. కొనేటప్పుడు తిప్పి చూడండి, పుల్లలతోని కుట్టింది అయితే మంచిదే, మిషన్ల ఒత్తిన ప్లేట్లకు కొన్నిటికి మధ్యల ప్లాస్టిక్ పొర పెడుతున్నరు, అంచు చింపితే బయట పడతది. తళతళ మెరిసే పేపర్ ప్లేట్ కూడ అట్లనే.

చిన్న నీళ్ల సీసాలు బ్యాన్ల లేవు గానీ పెండ్లిల వాటి గుట్ట చూస్తే కడుపు తరుక్కుపోతది, సగం తాగి సగం వదిలేసినయే. 20 లీటర్ల క్యాన్లకు నల్లా బిగించి పక్కన స్టీల్ గ్లాసులు పెట్టండి, ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి. స్టేజీ వెనక పెండ్లికొడుకు, పెండ్లిబిడ్డ పేర్లు కోసి పెట్టే థర్మకోల్ బ్యాన్ లిస్టుల ఉంది, బంతిపూలతోని గానీ అట్టతోని గానీ చేపియ్యండి. పుట్టినరోజు ఫ్లెక్సీలు, నాయకులకు స్వాగతం ఫ్లెక్సీలు చౌరస్తాల నిండ ఉంటయి, ఆర్డర్ ఇచ్చేటోళ్లకు చెప్పేటిది ఒక్కటే, బట్ట బ్యానర్ మీద పేరు మార్చి మల్ల వాడుకోవచ్చు.

బతుకమ్మకు తాంబాలమో సిబ్బో మనకు ఉండనే ఉన్నయి, ప్లాస్టిక్ పూలు, థర్మకోల్ ముక్కలు పెట్టి చెరువుల వెయ్యకండి. సద్దుల నాడు మలీద, సత్తుపిండి పంచేటప్పుడు ఆకుల దొన్నెలు పెట్టండి లేకపోతే ఇంటి నుంచి చిన్న డబ్బాలు తెచ్చుకొమ్మని ఆడోళ్లందరికి ముందే చెప్పండి. మేడారం పోయేటోళ్లు అమ్మవార్లకు మొక్కిన బంగారం, అదే బెల్లం, కవర్ల కట్టకుండ బట్టల మూట కట్టుకోండి. వంట సామాను ఎట్లైనా వెంట తీసుకపోతం, నాలుగు స్టీల్ పళ్లాలు బరువు కావు. అడవి మధ్యల పడేసిన కవర్ జాతర అయిపోయినంక జంపన్న వాగుల, చెట్ల మీద నెలల తరబడి కనబడతది.

కంపెనీల మీద ఉన్న లెక్క

మనం ఎంత తగ్గించినా ప్యాకెట్ల వచ్చే సరుకు వస్తనే ఉంటది, అందుకే 2022 ఫిబ్రవరి 16న కేంద్రం వేరే గైడ్‌లైన్స్ తెచ్చింది. ప్లాస్టిక్ ప్యాకింగ్ల సరుకు అమ్మే కంపెనీ ఆ ప్లాస్టిక్‌ను వాపస్ సేకరించే, రీసైకిల్ చేసే బాధ్యత కూడ తనే మొయ్యాలె, కేంద్ర కాలుష్య మండలి పోర్టల్ల రిజిస్టర్ చేసుకోవాలె. అందుల నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మల్ల వాడుడు గురించి రాసింది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, సీసాలు 0.9 లీటర్ల నుంచి 4.9 లీటర్ల లోపువి అయితే 2025-26ల కనీసం 10 శాతం మల్ల నింపి వాడాలె, ఏటా ఐదు శాతం పెరిగి 2028-29కి 25 శాతం కావాలె. 4.9 లీటర్లు, ఆపై పెద్దవి అయితే 70 శాతంతోని మొదలై 85 శాతానికి పోవాలె. డిపాజిట్ పట్టుకోని వాపస్ ఇచ్చే పద్ధతి, తిరిగి కొనే పద్ధతి పెట్టుకోవచ్చని కూడ అందులనే ఉంది.

మన ఇంటికి వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఇట్లనే నడుస్తున్నది, క్యాన్ ఇచ్చి క్యాన్ తీసుకుంటం, అంటే ఈ పద్ధతి మనకు చేతకాదు అనేది లేదు. ఐదు లీటర్ల నూనె డబ్బా, ఫినాయిల్ క్యాన్ కూడ ఇట్ల తిరగాలె. అందుకని కిరాణంల అడగండి, "ఈ డబ్బా వాపస్ తీసుకుంటరా, రీఫిల్ ఉందా" అని. సూపర్‌మార్కెట్ కౌంటర్ల అడిగితే ముందుగాల వింతగ చూస్తరు, పదిమంది అడిగితే మేనేజర్ దాక పోతది. ఇంట్ల పచ్చళ్లు, కారప్పొడి చేసి అమ్ముకునే చిన్నోళ్లు భయపడకండి, బ్రాండ్ ఓనర్ (సొంత పేరు మీద సరుకు అమ్మేటోళ్లు) కింద ఈ బాధ్యత సూక్ష్మ, చిన్న సంస్థల మీద పెట్టలేదు. అయినా మీరు గాజు సీసా వాపస్ తీసుకుంటే గిరాకీ కూడ మీ దగ్గరికే తిరిగి వస్తది, అది వ్యాపారానికే లాభం.

కంప్లైంట్ ఇయ్యాలంటే

బండి మీద మిర్చి అమ్ముకునే అవ్వ మీద ఇచ్చేటిది కాదు కంప్లైంట్, ఆమెకు కవర్లు తెచ్చి పోసే హోల్‌సేల్ గోదాం మీద, తయారు చేసే యూనిట్ మీద ఇయ్యాలె. నిల్వ పెట్టుడు, పంపిణీ చేసుడు కూడ నిషేధమే కాబట్టి అక్కడ పట్టుకుంటే వంద బండ్ల మీద దొరకకుండ పోతది. ఈ ప్లాస్టిక్ నియమాలు పర్యావరణ పరిరక్షణ చట్టం కిందివే, దాంట్ల ఇదివరకు జైలు శిక్ష ఉండె, 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని జరిమానాగ మార్చిన్రు, 10 వేల నుంచి 15 లక్షల దాక వెయ్యొచ్చు.

కేంద్ర కాలుష్య మండలిది ఎస్‌యూపీ సీపీసీబీ అని ఒక యాప్ ఉంది, ఫోన్ల వేసుకోని ఫోటో, జాగ పెట్టి పంపొచ్చు. లేకుంటే గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ల రాసి ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. రాసేటప్పుడు ఏం వస్తువు, కవర్ అయితే మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, మందం ప్రింట్ ఉన్నయా లేవా, ఏ వీధి, ఏ తారీఖు, కొన్నట్టు బిల్లు ఉంటే బిల్లు, ఇవన్నీ పెట్టండి, కవర్ శాంపిల్ ఒకటి మడిచి కాయితానికి పిన్ను కొట్టండి. ఒక్కరి పేరు మీద కాకుండ కాలనీ సంఘం పేరు మీద ఇస్తే ఆ వ్యాపారికి, మీకు మధ్యల తగాద రాదు, ఆఫీసుల కూడ తొందరగ కదులుతది. పదిహేను రోజులు చూసి కదలిక లేకపోతే అదే రసీదు నంబర్ పెట్టి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసుకు ఇంకో కాపీ పంపండి.